ముప్పై ఏళ్ల వీడియో ఆటలు: కొన్ని అనుభవాలు, కొన్ని అభిప్రాయాలు

ఈ వార్షిక సంచికకు ఏదైనా వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు, మాకు నిజంగా తెలిసిన విషయం ఏది అని కొంతసేపు ఆలోచించాము. మేము ఈ కళాశాలలోనే చదువుకొని, ఇక్కడి కంప్యూటరు ప్రయోగశాలలోనే ఉద్యోగం చేస్తున్నవారము. సాహిత్యాన్ని గురించి, చరిత్రను గురించి వ్రాయగల పెద్దలు ఈ ప్రాంగణంలో అనేకులు ఉన్నారు. వారి నడుమ మేము ధైర్యంగా చెప్పగలిగిన విషయం ఒక్కటే. అది వీడియో ఆటల విషయం. 1992వ సంవత్సరం మొదలు నేటి వరకు వాటిని ఆడుతూనే ఉన్నాము. ఈ మాట విని కమిటీ పెద్దలు నవ్వుకోవచ్చు. అయినా ఒకే వ్యాపకంలో ముప్పై ఏళ్లకు పైగా గడిపినవారికి దాని మంచిచెడ్డలను గురించి నాలుగు మాటలు చెప్పే అర్హత కొంత ఉంటుందని మా నమ్మకం. ఆ చెడ్డలలో మా సొంత తప్పు కూడా ఒకటి ఉన్నది. దానిని దాచిపెట్టి ఇతరులకు నీతులు చెప్పడం మా ఉద్దేశం కాదు.

ఆట అంటే పనికిమాలిన పని అనే అభిప్రాయం మనలో బలంగా ఉన్నది. కాని ఆటను రచించడం సామాన్యమైన విషయం కాదు. మన పల్లెలలో రచ్చబండల మీద ఆడే పులిజూదాన్నే తీసుకోండి. ఒక పక్షాన మూడు పులులు, మరొక పక్షాన పదిహేను మేకలు. పులి మేకను చంపగలదు. మేక పులిని చంపలేదు, కదలకుండా కట్టివేయగలదు. ఇరుపక్షాల బలం వేరు, మార్గం వేరు, గెలుపునకు అర్థం కూడా వేరు. అయినా ఆట న్యాయంగానే ఉంటుంది. దీనిని కల్పించిన మహానుభావుడెవరో మనకు తెలియదు. మన దేశపు చతురంగం పారశీకానికి వెళ్లి షత్రంజ్ అయి, అక్కడి నుండి లోకమంతా వ్యాపించిన సంగతి విద్యార్థులకు తెలిసినదే. తెర మీది ఆటలు కూడా ఈ వంశానికి చెందినవేనని మేము భావిస్తాము. కనుక వాటినీ అదే గీటురాయి మీద పరీక్షించాలి.

మాకు ఈ ఆటలతో పరిచయమైనది కర్నూలు పాత ఊరిలో. మా వీధి చివర ఒక సైకిళ్ల షాపు ఉండేది. దాని యజమాని వెనుక గదిలో ఒక చిన్న టీవీ, ఒక వీడియో గేమ్ పెట్టి గంటకు మూడు రూపాయలు తీసుకొనేవాడు. తరువాత రెండేళ్లకు మా భాయిజాన్ తన మొదటి జీతంతో అటువంటి యంత్రాన్నే ఇంటికి తెచ్చాడు. అది జపాను యంత్రానికి అనుకరణ అని అప్పుడు మాకు తెలియదు. క్యాసెట్టు మీద 9999 ఆటలు అని అచ్చువేసి ఉండేది. లోపల చూస్తే పది, పన్నెండు ఆటలే మళ్లీ మళ్లీ వచ్చేవి. ఆటలు చేసినవారి పేర్లు తెరమీద కనిపించేవి కావు. ఆ విధంగా మా తరం ఎవరి కష్టాన్ని అనుభవిస్తున్నదో ఎరుగకుండానే ఆడుతూ పెరిగింది. దానికి మేము ఈనాడు కొంత సిగ్గుపడుతున్నాము.

ఆ రోజులలో మాకు ప్రాణప్రదమైన ఆట 'కాంట్రా'. ఇద్దరు సైనికులు పక్కపక్కన నిలబడి శత్రువులను ఎదుర్కొనే ఆట అది. ఒకరి లైఫులన్నీ అయిపోతే రెండవవాని లైఫుల నుండి ఒకటి తీసుకోవచ్చు. మేము ఎప్పుడూ ముందుగా చచ్చేవారము. భాయిజాన్ లైఫులలో నుండి తీసుకొనేవారము. అతడు తిట్టేవాడు గాని, ఇవ్వనని ఒక్కనాడూ అనలేదు. ముప్పై లైఫులు వచ్చే రహస్యపు మీటల వరుస ఒకటి ఉండేది. పైకి రెండు, కిందికి రెండు, ఎడమ, కుడి, ఎడమ, కుడి అని వీధిలోని పిల్లలందరికీ అది ఎక్కము వలె కంఠస్థం. దానిని మొదట కల్పించినవాడు కజుహిసా హషిమోటో. 1986లో 'గ్రాడియస్' అనే ఆటను పరీక్షించే సమయంలో అది తనకే కష్టంగా ఉండడం వలన తన సౌకర్యం కోసం ఆ వరుసను పెట్టుకొన్నాడట. చేసినవాడికే కష్టమైన ఆటను మేము చిరిగిన చాప మీద కూర్చొని ఆడామని తెలిసినప్పుడు మాకు ఎంతో సంతోషం కలిగింది.

ఇక ఆటల రచనను గురించి. 1985లో షిగేరు మియమోటో, తకాషి తెజుకా రూపొందించిన 'సూపర్ మారియో బ్రదర్స్' మొదటి ఘట్టాన్ని గమనించండి. ఎలా ఆడాలో చెప్పే వాక్యం ఒక్కటీ తెర మీద ఉండదు. ఆటగాడు ఎడమ వైపున నిలబడి ఉంటాడు. కుడి వైపున ఖాళీ ఉంటుంది. కనుక కుడికే నడుస్తాడు. కొద్ది అడుగులలోనే ఒక చిన్న శత్రువు ఎదురు వస్తాడు. గెంతకపోతే ప్రాణం పోతుంది. పోయినా పెద్ద నష్టం లేదు, నడిచినది నాలుగు అడుగులే గదా! రెండవసారి గెంతుతాడు. తల పైనున్న పెట్టెకు తగిలితే అందులో నుండి పుట్టగొడుగు బయటికి వస్తుంది. అది కుడికి పోయి గొట్టానికి తగిలి, మళ్లీ ఆటగాని వైపే తిరిగి వస్తుంది. తాకితే మారియో పెద్దవాడవుతాడు. ఇంతలోనే ఏది మేలు, ఏది కీడు అనే పాఠం పూర్తి అవుతుంది. బెత్తం లేదు, ఉపన్యాసం లేదు. ఇంతటి ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడి ఉన్నది. నేడు ఫోనుతో తీసే ఒక్క ఛాయాచిత్రానికి అంతకు ఎన్నో రెట్ల స్థలం కావాలి.

1978లో తొమొహిరో నిషికాడో చేసిన 'స్పేస్ ఇన్‌వేడర్స్' మరొక ఉదాహరణ. అందులో శత్రువులు తగ్గిన కొద్దీ మిగిలినవారి వేగం పెరుగుతుంది. నిజానికి అది యంత్రపు బలహీనత. అన్ని బొమ్మలను ఒకేసారి వేగంగా కదిలించే శక్తి దానికి లేదు. బొమ్మలు తగ్గితే దానికి భారం తగ్గేది. నిషికాడో దానిని లోపంగా తలచి దిద్దకుండా, ఆటకు ప్రాణంగా నిలిపాడు. 1980లో తోరు ఇవాటని చేసిన 'ప్యాక్-మ్యాన్'లో నాలుగు భూతాలకు నాలుగు స్వభావాలు. ఎర్రనిది నేరుగా వెంటపడుతుంది. గులాబి రంగుది మనం పోబోయే చోటును ఊహించి ముందుగా దారి కాస్తుంది. పదిసార్లు ఓడితే పదకొండవసారికి వాటి గుణం తెలుస్తుంది.

ఈ ఆటలన్నిటి నుండి మేము గ్రహించిన సూత్రం ఒక్కటే. ఓడినవాడికి తాను ఎందుకు ఓడాడో తెలియాలి. తెలిసినప్పుడు ఓటమి పాఠమవుతుంది. తెలియనప్పుడు అది దోపిడి అవుతుంది. పాత యంత్రాలు ధర్మమూర్తులని మేము అనడం లేదు. నాణెం వేసి ఆడే యంత్రాన్ని చేసినవాడు తొందరగా మనలను ఓడించి మరొక నాణెం వేయించాలనే చూశాడు. కాని అతడు ధరను యంత్రం ముఖం మీదనే వ్రాశాడు. జేబు ఖాళీ అయితే ఆట ముగిసేది. మేము ఇంటికి పోయేవారము.

ఆట ముగియడం అనే విషయం చిన్నది కాదు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ చేసిన 'టెట్రిస్'కు గెలుపు అనేదే లేదు. పై నుండి ముక్కలు పడుతూనే ఉంటాయి. అయినా ప్రతి ఆటా మన చేతి తప్పుతోనే ముగుస్తుంది. 1989 నాటి నింటెండో యంత్రపు టెట్రిస్‌ను 2023 డిసెంబరులో అమెరికాలోని ఒక పదమూడేళ్ల బాలుడు యంత్రమే స్తంభించిపోయే వరకు ఆడాడు. మనిషి ఆ అంచును చేరడం అదే మొదటిసారి. బాలుడు అలసిపోలేదు గాని యంత్రం అలసిపోయింది! అటువంటి అంచు ఒకటి ఉన్నది గనుకనే ఆ విజయానికి విలువ కలిగింది.

ఇక ఆటగాళ్ల సంస్కృతి మాట. 2003 ప్రాంతంలో మా ఊరి నెట్ సెంటర్లలో 'కౌంటర్ స్ట్రయిక్' ఆడేవారము. ఆ ఆటను 1999లో మొదలుపెట్టినవారు ఇద్దరు కళాశాల విద్యార్థులే. మరొకరు చేసిన ఆటను తీసుకొని, దానిని మార్చి, ఉచితంగా పంచిపెట్టారు. మా నెట్ సెంటరులో పది మంది ఒకే గదిలో కూర్చొని రెండు జట్లుగా ఆడేవారు. ఉర్దూలో కేకలు, తెలుగులో జవాబులు. మమ్ములను కాల్చినవాడు పక్క కుర్చీలోనే ఉండేవాడు. కోపం వచ్చినా ఆట తరువాత అతనితోనే చాయ్ తాగాలి. ఆ చాయ్ మా నాలుకలను అదుపులో పెట్టేది. ఈనాడు ఆడేవారికి ఎదుటివాని ముఖం కనిపించదు. చెవిలో గొంతు మాత్రం వినిపిస్తుంది; ఆ గొంతులో తల్లిని, చెల్లిని తిట్టే తిట్లు వినిపిస్తాయి. ప్రయోగశాలకు వచ్చే ఒక విద్యార్థిని తాను మగపేరు పెట్టుకొని, మాట్లాడకుండా ఆడుతానని మాతో చెప్పింది. ఆమె గెలిచిన ఆటలు ఎవరి పేరున జమ అవుతున్నాయి? ఈ ప్రశ్నకు ఆటలు ఆడే మగపిల్లలు జవాబు చెప్పుకోవాలి.

తిట్లు తప్పనివని కొందరు అంటారు. అది సరి కాదు. 2012లో వచ్చిన 'జర్నీ' అనే ఆటలో ఎడారిలో నడుస్తుండగా ఎక్కడి నుండో మరొక యాత్రికుడు కలుస్తాడు. అతని పేరు తెలియదు, అతనితో మాటలాడే వీలు లేదు. ఒక చిన్న స్వరం మాత్రం పలికించవచ్చు. అతనిని బాధించే మార్గం ఆటలో పెట్టనే లేదు. దగ్గరగా నిలబడితే ఒకరి శక్తి మరొకరికి పెరుగుతుంది. చివర మాత్రమే తోడు నడిచినవారి పేరు తెర మీద కనిపిస్తుంది. మంచి ప్రవర్తనకు గాని, చెడు ప్రవర్తనకు గాని సగం కారణం ఆట రచనలోనే ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాత పట్టణం మునిగిన సంగతి అందరికీ జ్ఞాపకమే. మా ఇంటిలోనూ నీరు కప్పు దాకా వచ్చింది. నీరు తీసిన తరువాత ఇల్లు కడుగుతుండగా, ట్రంకు పెట్టె అడుగున మా పాత క్యాసెట్టు బురదలో దొరికింది. ఆటలన్నా, ఆడేవారన్నా మండిపడే మా అబ్బా దానిని కుళాయి కింద కడిగి, తుడిచి, ఎండలో పెట్టారు. మేము చూస్తున్నామని గ్రహించి, "పారవేయడానికి నాకేం తొందర లేదులే" అన్నారు. అది మళ్లీ పనిచేయలేదు. అయినా ఇప్పటికీ మా దగ్గరే ఉన్నది. ఈనాడు డబ్బు పెట్టి కొన్న ఆట మనదో కాదో చెప్పలేము. 2024 మార్చి 31న 'ది క్రూ' అనే కార్ల ఆటకు దాని సంస్థ సర్వర్లు ఆపివేసింది. కొన్నవారెవరికీ ఆ ఆట మిగలలేదు. ఇటువంటి పద్ధతికి వ్యతిరేకంగా ఐరోపాలో పది లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. బురద పట్టిన క్యాసెట్టు కూడా అంతకంటే నయమే.

ఇప్పుడు మా తప్పు చెప్పవలసి ఉన్నది. మా ఆపా కుట్టుమిషను మీద బట్టలు కుట్టి, కొడుకు డిగ్రీ చదువు కోసం నెలనెలా కొంత సొమ్ము మా బ్యాంకు ఖాతాలో వేయించేది. 2020లో కళాశాలలు మూతపడిన రోజులలో మేము ఫోనులో ఒక ఆట మొదలుపెట్టాము. పేరు అనవసరం. వీరుల బొమ్మలను సేకరించే ఆట. ఆరంభానికి పైసా అక్కరలేదు. ప్రతి ఉదయం తెరవగానే ఒక కానుక. ఏడు రోజులు వరుసగా తెరిస్తే పెద్ద కానుక. ఒక్క రోజు తప్పితే మళ్లీ మొదటికి. మంచి వీరులు అదృష్టపు పెట్టెలలో ఉంటారు. పెట్టె తెరవడానికి రత్నాలు కావాలి. రత్నాలకు రూపాయలు కావాలి. ఎన్ని రూపాయలకు ఎన్ని రత్నాలో, ఎన్ని రత్నాలకు ఒక పెట్టెయో లెక్క ఎప్పుడూ కుదరదు. ప్రతిసారీ కొన్ని రత్నాలు మిగులుతాయి, మరికొన్ని తక్కువ పడతాయి. ఒకసారి 80 రూపాయలు, ఒకసారి 400, మరొక రాత్రి 1,600. నాలుగు నెలలలో మొత్తం 23,400 రూపాయలు. అందులో మా సొమ్ము కొంచెమే.

ఆ రోజులలో మా మేనల్లుడు ఒక సాయంత్రం పక్కన కూర్చొని చూస్తూ, "మామూ, ఈ ఆట ఎప్పుడు అయిపోతుంది?" అని అడిగాడు. చిన్నతనంలో అతనికి మారియో ఆట చివరిదాకా ఆడి చూపించినది మేమే. మేము జవాబు చెప్పలేదు. ఫోను తిప్పి పెట్టాము. ఆటలను గురించి అంత తెలిసిన మేము, మమ్ములను ఆట ఆడుతున్నదని ఆ ప్రశ్నతో గ్రహించాము. రుసుము కట్టవలసిన వారం ముందు ఆపాకు చెప్పాము. ఆమె మిషను ఆపి చాలాసేపు మాటలాడలేదు. తరువాత, "డబ్బు పోతే పోయింది. నాకు చెప్పకుండా నాలుగు నెలలు ఎట్లా ఉండగలిగావురా?" అని మాత్రం అడిగింది. మా మోటారు సైకిలు అమ్మి రుసుము కట్టాము. అబ్బాయి చదువు ఆగలేదు. ఈ కళాశాల నుండే పట్టా పుచ్చుకొన్నాడు. అతని అనుమతితోనే ఇది వ్రాస్తున్నాము. ఆపా మాత్రం ఆ తరువాత మా ఖాతాలో ఒక్క రూపాయి వేయలేదు.

ఇది మా బలహీనత కాదని తప్పించుకోము. కాని ఆ బలహీనతను ముందే ఎరిగి పన్నిన వల అది. ఎప్పుడు గింజ రాలుతుందో తెలియని మీటను పావురం ఎడతెగక పొడుస్తుందని స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎన్నడో నిరూపించాడు. అదృష్టపు పెట్టె ఆ మీటయే, పావురాలము మేము. జపాను ప్రభుత్వం 2012లోనే ఇటువంటి అమ్మకాలలో ఒక పద్ధతిని చట్టవిరుద్ధమని ప్రకటించింది. 2018లో బెల్జియం దేశపు జూదనియంత్రణ సంఘం డబ్బుతో కొనే అదృష్టపు పెట్టెలను జూదంగా తేల్చింది. అదుపు తప్పిన ఆటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన రోగాల పట్టికలో చేర్చింది. అది 2022 జనవరి నుండి అమలులోకి వచ్చింది. మన పార్లమెంటు 2025 ఆగస్టులో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసి, ఈ-క్రీడలను వాటి నుండి వేరు చేసింది. ఈ భేదం సరియైనదే. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో వీడియో ఆటలకు పతకాలు ఇచ్చారు. అక్కడ గెలిచినవాడు పెట్టె తెరిచి గెలవలేదు, అభ్యాసంతో గెలిచాడు.

విద్యార్థి మిత్రులారా! ఆడవద్దని మేము మీకు చెప్పము. చెప్పినా మీరు వినరు, మేమూ మానలేదు. కొత్త ఆట చేతికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకొనండి. ఓడితే ఎందుకు ఓడామో ఈ ఆట చెబుతుందా? దీని పూర్తి ధర ఎంతో ముందే తెలుస్తుందా? ఇది ఎక్కడైనా ముగుస్తుందా, కనీసం ఈ రాత్రికి మనలను వదులుతుందా? మూడింటికీ కాదని జవాబు వస్తే, అక్కడ ఆటగాడు మీరు కాదు.

కమిటీ పెద్దలకు మా మనవి ఒకటి ఉన్నది. వారానికి ఒక సాయంత్రం, రెండు గంటలు, ప్రయోగశాలను ఆటల రచనకు తెరిచి ఉంచడానికి అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. దానికి వలసిన స్క్రాచ్, గోడో వంటి సాధనాలు ఉచితంగానే లభిస్తాయి. కొత్త యంత్రాలు అక్కరలేదు. ఆట ఎలా కట్టబడుతుందో చేతితో చేసి తెలుసుకొన్న పిల్లవాడు ఎవరి వలలోనూ అంత సులభంగా పడడు. మొదటి ఏడాది పులిజూదాన్ని తెర మీదికి తెద్దాము. మారియో ఎడమ నుండి కుడికి నడుస్తాడు. మన కళాశాలలో సగం మంది కుడి నుండి ఎడమకు చదివేవారు. కుడి నుండి ఎడమకు నడిచే వీరుణ్ణి ఈ ప్రాంగణం నుండి ఎవరైనా ఎందుకు పంపకూడదు?

ఆ సాయంత్రాలకు మేము జీతం అడగము. తాళం చెవి మా దగ్గరే ఉన్నది. తలుపు తెరవడానికి పెద్దల అనుమతి ఒక్కటే తక్కువ.